కీల్‌లో తడి ఆరేదాకా

కైకలూరు ఫైబర్ మేస్త్రిగారు గురువారం తెల్లవారుజామున పోయారు. గుండెపోటు. వారి భార్య ఫోన్ చేసి, “మీకు చెప్పమని ఆయన అనలేదండి, అనే టైమే లేదు. చెప్పాలనిపించింది,” అన్నారు. మర్నాడు ఏలూరు నుంచి వెళ్లి, సమాధుల తోటలో పిడికెడు మట్టి వేసి వచ్చాను. ఆయన పని గురించి ఒకసారి పేపర్లో తప్పు రాశాను. ఇది జాగ్రత్తగా రాయాలి.

చెరువుల్లో మేత చల్లే పడవలు, రొయ్య పిల్లల తొట్లు, వాళ్ల చర్చిలో బాప్తిస్మం తొట్టి, ఇవన్నీ ఆయన చేసినవి. ఊరి బయట రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ఆదివారం ఎంత పెద్ద చెరువు ఆసామి వచ్చినా తలుపు తీసేవారు కాదు. మిగతా రోజుల్లో ఎవరొచ్చినా ముందు ఒక మాట చెప్పేవారు: “చూడండి, ముట్టుకోకండి. ఆరని దాని మీద వేలు పెట్టనివాణ్ని నేనింతవరకు చూళ్లేదు.”

నిరుడు వేసవి మొదట్లో ఒక తెరచాప పడవ ఆ షెడ్డుకు లారీ మీద వచ్చింది. తాడేపల్లిగూడెంలో ఉండే రిటైరైన షిప్పు ఇంజినీరుగారు దాన్ని కాకినాడలో కొన్నారు. చాలా పాతది, ఫైబర్‌ది. అలాంటి పడవ పొట్ట కింద నిలువుగా ఒక రెక్క ఉంటుంది. దాన్ని కీల్ అంటారు. ఈ పడవ కీల్ లోపల ఇనప ముక్కలు పేర్చి, సందుల్లో సిమెంటు పోసి, పైన ఫైబర్‌తో మూసేశారు. గాలికి పడవ ఒరిగినా బోల్తా కొట్టకుండా నిలబెట్టేది ఆ బరువే. ఎప్పుడో రాయి తగిలి కీల్ అడుగు పగిలింది. నీళ్లు దూరాయి. ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, ఫైబర్‌ను లోపలి నుంచి చీలుస్తోంది.

మేస్త్రిగారు చిన్న చెక్క సుత్తితో కీల్ అంతా తట్టి, డొల్లగా మోగిన చోటల్లా సుద్దతో గీత గీశారు. అడుగున బెజ్జం వేస్తే గోధుమరంగు నీళ్లు బొట్లు బొట్లుగా కారాయి. ఒక బొట్టు నాలిక చివర పెట్టుకున్నారు.

“ఉప్పండి. సముద్రం ఇంకా లోపలే ఉంది. ముందు దాన్ని పంపించెయ్యాలి.”

పాడైన ఫైబర్ కోసేసి, మంచినీళ్లతో పదేపదే కడిగి, ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టారు. రోజూ సాయంత్రం కోసిన చోట పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం అంటించేవారు. పొద్దున్నే దాని లోపలివైపు ఆవిరి చుక్కలు కనిపిస్తే ఆ రోజుకి కీల్ మూసే పని లేనట్టే.

“ఏంటి మేస్త్రిగారూ, ముహూర్తాలు కూడా మీరే పెడుతున్నారా?” అన్నారు ఇంజినీరుగారు ఒకరోజు.

“నేను కాదండీ, లోపల తడి పెడుతోంది. దక్షిణ ఇచ్చినా వినట్లేదు.”

ఆ రోజే మేస్త్రిగారు తన కోరిక చెప్పారు. ఇన్నేళ్లలో తను కట్టినవన్నీ గెడతోనో, ఇంజిన్‌తోనో నడిచేవే. “తెరచాప కింద ఒక్కసారి కూర్చోవాలని ఉందండి. చప్పుడు లేకుండా పోతుందంట కదా.” మొదటి ప్రయాణంలో ఆయన్ని తీసుకెళ్తానని ఇంజినీరుగారు మాటిచ్చారు.

ఆ పడవ మీద నేనొక వార్త రాశాను. ‘వచ్చే శనివారానికి పడవ సిద్ధం’ అన్నది అందులో ఒక వాక్యం. ఇంజినీరుగారు చెప్పింది రాసేశాను. మేస్త్రిగారిని అడగలేదు. శనివారం ఇంకో ఫొటో కోసం వెళ్లేసరికి ఇంజినీరుగారు చుట్టాలతో, పూలదండతో వచ్చి ఉన్నారు. కీల్ మూసేసి ఉంది.

“పేపర్లో వచ్చేసింది కదండీ,” అన్నారు మేస్త్రిగారు. ఆరిందా అని నేను అప్పుడూ అడగలేదు.

నెల తిరక్కుండా కీల్ పక్కన అరచేయంత మేర ఉబ్బింది. ఆయనే ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్తే ఆ ఉబ్బు చూపించారు.

“మీ వార్త తప్పండి. నా పనీ తప్పే. మీరు రాశారని మూశాను, మీరేమీ మూయమన్లేదు. ఇప్పుడు నాది నేను కోస్తాను. మీది మీరు కొయ్యండి.”

మర్నాడు రెండు వాక్యాల సవరణ వేశాం. ఫొటోతో వచ్చిన పెద్ద వార్తను వదిలేసి, ఆ సవరణను కత్తిరించి షెడ్డు గోడకి అంటించుకున్నారు.

ఈలోగా వానలు మొదలయ్యాయి. కొల్లేటి గాలికి ఆ రోజుల్లో తువ్వాలే ఆరదు. కోసిన కీల్‌తో పడవ వానాకాలం, చలికాలం షెడ్డులోనే ఉండిపోయింది. మళ్లీ ఎండ ముదిరాక ఒక వారమంతా ప్లాస్టిక్ కాగితం పొడిగా వచ్చింది. అప్పుడు సందుల్లో ఎపాక్సీ జిగురు నింపారు. అతుకు గట్టిగా పట్టడానికి పాత ఫైబర్ అంచును జానెడు మేర ఏటవాలుగా అరగదీసి, పొర మీద పొర వేశారు. చివరికి సుత్తితో తట్టి, “ఇప్పుడు అంతా ఒకే మాట చెబుతోందండి,” అన్నారు.

కొల్లేటిలో ఆ కీల్ మునిగేంత లోతు లేదు. పడవ కాకినాడ వెళ్లింది. తెరచాప కొయ్య నిలబెట్టి, చాప కుట్టించేసరికి ఇంకో రెండు నెలలు పట్టింది. మొదటి ప్రయాణం ఈ ఆదివారం అనుకున్నారు. ఆ వారం ఆరాధనకు రాలేనని మేస్త్రిగారు పాస్టరుగారికి ముందే చెప్పి ఉంచారట. గురువారమే పోయారు.

ఆ వాక్యం నేను రాయకపోతే కీల్ నిరుడు ఎండల్లోనే ఆరేది. వానల తర్వాత, మంచి గాలి ఉన్న రోజుల్లో ఆయన తెరచాప కింద కూర్చునేవారు. నెలలు లెక్కపెడితే తేలే విషయమే ఇది. సమాధుల తోట నుంచి వస్తూ వారి భార్యతో ఈ మాట అన్నాను.

“అలా అనుకోకండి,” అన్నారావిడ. “ఆ పడవ షెడ్డులో ఇంకొన్నాళ్లు ఉంటుందని ఆయన లోపల్లోపల సంతోషపడ్డారు.”

అది నిజమో, నన్ను ఓదార్చడానికి అన్నారో నేను అడగలేదు.

నేను ఆయన్ని ఆఖరుసారి చూసింది పడవను లారీ ఎక్కించిన రోజున. క్రేను రెండు బెల్టులతో దాన్ని మనిషెత్తుకు లేపింది. చెరువుల మీదుగా గాలి వచ్చి, పడవ మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. “మేస్త్రిగారూ, పట్టుకోండి!” అని డ్రైవరు అరిచాడు. ఆయన రెండు అరచేతులూ కీల్‌కు ఆనించి ఆపారు. ఒక క్షణం అలాగే ఉండి, చేతులు తీసేసి ఓ అడుగు వెనక్కి వేశారు. డ్రైవరు మళ్లీ అరుస్తున్నాడు. పడవ గాలి వాటున చప్పుడు లేకుండా తిరుగుతోంది. ఆయన తల పైకెత్తి, దాని నీడలో, దాంతోపాటు తిరుగుతున్నారు.