మేక పొట్ట కింద పది వేళ్లు

ఒమన్‌లో చలికి వేళ్లు పోతాయంటే నేనూ నవ్వేవాణ్నే. ఆ చలికాలం జబల్ షమ్స్ కొండ దారిలో మంచు పడి, పైనున్న మా సైట్‌కు నీళ్ల ట్యాంకర్ రాలేదు. తాగేందుకు ఉత్త చేతులతో మంచు బకెట్‌లోకి ఎత్తుతుంటే వేళ్లు తెల్లబడి మొద్దుబారాయి. తాపీ పట్టి బతికే వేళ్లు! మంట దగ్గరికి ఉరికాను.

"నిప్పు వద్దు రఫీక్, కాలినా నీకు తెలియదు!" మేకలు కాసే ముసలి ఒమానీ హిందీలో కసిరి, నా చేతులు తన మేక పొట్ట కింద దూర్చాడు. మేక పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. కాసేపటికి వేళ్లు భగ్గుమని, ప్రాణం వచ్చింది.

"ఇక ఇవి కట్టుకుని పళ్లెంతో మంచు ఎత్తు," అని చేతులకు ఉన్ని గుడ్డలు చుట్టాడు. ఆ మంచునే కరిగించి కాఫీ కాచాడు. "చాలనుకుంటే కప్పు ఊపాలి. మా పద్ధతి."

చలికి నా చేయి వణికి కప్పు ఊగుతూనే ఉంది. ఆయన మాత్రం పోస్తూనే ఉన్నాడు.