మూడు రాత్రుల చేప

మా ఆయన ఇసాము ముప్పై నాలుగేళ్లు రేవులో ఐసు కొట్టారు. పడవలు బయలుదేరే ముందు ఐసు దిమ్మల్ని మరలో వేసి పొడి చేయించి, పడవ అడుగున నింపడం ఆయన పని. ఆ చల్లదనానికి వేళ్ల కణుపులు బిగుసుకుపోయాయి. తినే పుల్లలు చేతిలో నిలిచేవి కావు, చేపలో ముళ్లు నేనే తీసి పెట్టేదాన్ని. ఆయన ఎవరితోనూ గొడవపడి ఎరగరు, వాళ్లమ్మకైతే ఎదురు మాట కూడా చెప్పలేదు.

ఆయన నోరు తెరిచి అడిగే తిండి ఒక్కటే. వసంతంలో మా సనుకి తీరానికి వంజరం వస్తుంది. ముక్కలకి ఉప్పు రాసి, ఊరిన నీళ్లు తుడిచి, పల్చటి గుడ్డలో చుట్టి, సోయా గింజలు పులియబెట్టి చేసే తియ్యటి తెల్ల మిసో ముద్దలో ఊరబెట్టి కాలుస్తాం.

కాపురానికి వచ్చిన మొదటి వసంతంలో నేను రెండు రాత్రులకే తీసి కాల్చాను. అత్తగారు ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని పుల్లలు కింద పెట్టేశారు.

"మీ పుట్టింట్లో చేపకి మిసోని చూపించి తెచ్చేస్తారా? ఈ ఇంట్లో మూడు రాత్రులు ఊరాలి."

అందరూ నవ్వారు. మా ఆయన గిన్నెలోకి చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత మూడు రాత్రులు నిండకుండా నేనెప్పుడూ ముక్క తియ్యలేదు. అత్తగారు పోయి పన్నెండేళ్లయినా తియ్యలేదు.

గుండె జబ్బు వచ్చాక ఆయనకి ఉప్పు మానిపించారు. రెండేళ్లు చప్పిడి తిండే పెట్టాను. ఇది తినే బదులు గోడకున్న సున్నం నాకొచ్చని విసుక్కునేవారు. నేను కరగలేదు. మొన్న మార్చి చివర్లో డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఇక ఏది అడిగితే అది పెట్టమన్నారు. ఆ మాటకి అర్థం నాకు తెలిసింది.

సోమవారం మధ్యాహ్నం మూడు ముక్కలు ఊరబెట్టాను. బుధవారం సాయంత్రం ఆయన పక్క మీద నుంచే అడిగారు.

"ఇవాళ ఒక ముక్క తియ్యలేవా?"

"ఇంకో రాత్రి ఆగాలండీ. రేపటికి ఊరుతుంది."

"ఎవరు చూస్తారే?"

"ఎవరో చూస్తారని కాదు. రెండేళ్లు ఆగారు, ఒక్క రాత్రి ఆగలేరా?"

ఆయన నవ్వారు. "మా అమ్మని మించిపోయావు నువ్వు" అన్నారు. అది మెప్పనుకున్నాను. గంజి పట్టిస్తే నాలుగు చెంచాలు తాగారు.

గురువారం పొద్దున లేపితే లేవలేదు.

ఆయన అక్క సుమియె వదిన వచ్చి ఇంట్లోనే ఉండిపోయింది. మైల తీరే నలభై తొమ్మిది రోజులు ఇంట్లో చేప వాసన రాకూడదంది. ఈ కాలంలో అది పాటించేవాళ్లు తక్కువ. అయినా నేను ఎదురు చెప్పలేదు. ఫ్రిజ్ అడుగు అరలో ఉన్న మిసో డబ్బా సంగతీ చెప్పలేదు.

నలభై తొమ్మిదో రోజు పూజారి, చుట్టాలు వెళ్లిపోయాక, మిగిలిన వంటలు సర్దుతూ వదిన ఆ డబ్బా బయటికి తీసింది. ముక్కలు చెట్టు బెరడులా నల్లబడి గట్టిపడ్డాయి.

"ఇదేంటి నోబూ?"

చెప్పాను. ఆయన అడగడం, నేను ఆగమనడం, మూడు రాత్రుల లెక్క, అన్నీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. వదిన డబ్బాకి మూత పెట్టేసింది.

"మూడు రాత్రులు ఊరితే వాడికి ఉప్పెక్కువయ్యేది. అమ్మ రెండు రాత్రులకే ఒక ముక్క తీసేది, చిన్నప్పటి నుంచీ. నీ పెళ్లయ్యాక నీకు తెలియకుండా మా ఇంటికి తెచ్చి కాల్చి, వాడి అన్నం డబ్బాలో పెట్టేది."

మధ్యాహ్నం అన్నం డబ్బా రేవుకి అత్తగారే పట్టుకెళ్లేవారు. ఎండలో నీకెందుకని నన్ను పంపేవారు కాదు. కోడలి మీద దయ అని ఇరుగుపొరుగుతో చెప్పుకున్నాను కూడా.

"మరి నాకు మూడు రాత్రులని ఎందుకు చెప్పారు?"

"కోడలికి ఏదో ఒక వంక పెట్టాలి కదే. పెట్టింది. తర్వాత అదే మాట మీద ఉండిపోయింది. వాడైనా చెప్పలేదా?"

"లేదు."

"చెప్పడు. అమ్మ మాట మీద మాట ఎప్పుడన్నాడు?"

నా చేతి చేప తిన్న ప్రతిసారీ ఆయన వరసగా రెండు గ్లాసుల టీ తాగేవారు. ఐసు పని చేసే మనిషికి వేడి కావాలేమో అనుకుని, మూడో గ్లాసు కూడా పోసేదాన్ని.

మర్నాడు వదిన తన ఇంటికి వెళ్లిపోయింది. పాత ముక్కలు పారేశాను. ఆదివారం ఒకే ఒక్క ముక్క కొని ఊరబెట్టాను. మంగళవారం తీసి, మిసో తుడిచి, మాడకుండా సన్నటి మంట మీద కాల్చాను. ముళ్లు తీసి ఆయన ఫోటో ముందు పెట్టాను. పోయినవాళ్ల ముందు చేప పెట్టకూడదని నాకు తెలుసు.

ముక్క మీంచి పొగలు ఆగిపోయాక పళ్లెం దించి నోట్లో పెట్టుకున్నాను.

లోపలి దాకా ఊరింది. ఉప్పు సరిగ్గా సరిపోయింది.