మందు కొట్టే మిషన్లో పొరుగు దేశం

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. మూరెడు పామును చూస్తే బారెడంటాను. యాభై రెండేళ్లకే స్వచ్ఛందంగా రిటైరయ్యాను గానీ, ఆ జబ్బుకి మాత్రం రిటైర్మెంటు రాలేదు.

సరిహద్దులో గొడవ జరిగిన ఏడాది, వానాకాలం పంట మధ్యలో, నన్ను నర్సీపట్నానికి వ్యవసాయాధికారిగా వేశారు. చేరిన వారానికే పైనుంచి మెమో దిగింది. పక్కనున్న ఆ పెద్ద దేశం నుంచి వచ్చే సరుకులు మనం ఆపేస్తే మీ మండలంలో సాగుకు ఇబ్బందేమిటో మూడు రోజుల్లో తెలపాలని. ఇలాంటివాటికి 'నిల్' అని రాసి పంపడం ఆనవాయితీ. అంటే చెప్పుకోదగ్గదేమీ లేదని. నిల్ అని వెళ్లిన కాగితం మళ్లీ తిరిగి రాదు.

నేను నిల్ రాసే రకమా? ఒక మహారాజ్యం మెడ నా బాల్‌పెన్ను కింద ఉంది! "అన్నీ తక్షణం ఆపాలి, మాకు వీసమెత్తు నష్టం లేదు" అని రెండు పేజీలు దంచాను. టైపు చేసిన గుమస్తా లేచి సెల్యూట్ కొట్టాడు.

సంతకం పెట్టబోతుంటే ఆఫీసు స్ప్రేయరు గుర్తొచ్చింది. వీపుకి తగిలించుకుని మందు కొట్టే బ్యాటరీ మిషను. రిపేరుకిచ్చి నాలుగు రోజులైంది. నాతవరం వైపు వరికి ఆకుముడత పురుగు పట్టి ఉంది. కాగితాలు జేబులో పెట్టుకుని, బస్టాండు వెనక సత్యవతి గారి రిపేరు కొట్టుకి వెళ్లాను. గుమ్మం ముందు నాలుగు వేల మిషన్లున్నాయి. సరే, నలభై.

"విప్పండి!" అని ఆజ్ఞాపించాను.

ఆవిడ గోనెపట్టా మీద రెండు కుప్పలు పెట్టారు. ట్యాంకు, బెల్టు, గొట్టం ఒకవైపు, అవి మనవి. గుప్పెట్లో పట్టే మోటారు, ఛార్జరు లోపలి బోర్డు రెండోవైపు, అవి వాళ్లవి. పైన స్టిక్కరు మీద మాత్రం మన జెండా రంగులు.

"ఈ కుప్ప ఆపీమని రాసేరేటండీ?" అన్నారు.

రాశానన్నాను.

"మంచిదేనండీ, ఆళ్లకి బుద్ధి రావాల. అలాగే పురుగుని కూడా కొన్నాళ్లు ఆగమని ఆ కాయితంలోనే ఓ ముక్క రాసీండి."

తన మిషను కోసం కూర్చున్న కన్నబాబు అనే రైతు అందుకున్నాడు. "మా మడిలో పురుగుకి సదువు రాదు పిన్నీ! నా మిషను బేగి ఇచ్చీ, పంట పోతాది."

బదులు మోటార్లు లేవా అని అడిగాను. మన దేశంలో చేసేవీ వస్తున్నాయట, అడిగినన్ని దొరకవట. "రెండు పంటలు టైమిస్తే ఆటితోనే నెట్టుకొస్తానండీ" అన్నారావిడ. బోర్డుకి మాత్రం ఇంకా బదులే లేదట.

రెండు పేజీలూ అక్కడే చించేశాను. కొత్త నివేదికలో మూడు గడులు గీశాను: ఇవాళే ఆపగలిగేవి, రెండు పంటల గడువిచ్చి ఆపాల్సినవి, బదులు దొరికేదాకా ముట్టుకోకూడనివి. మోటారు రెండో గడిలో, బోర్డు మూడో గడిలో. "నిల్ రాయమంటే పురాణం రాశావేంటయ్యా!" అని మా పై అధికారి కేకలేశారు. కేకలేస్తూనే సంతకం పెట్టారు. జిల్లా నుంచి వెళ్లిన పత్రంలో నా మూడు గడులే అచ్చుగుద్దినట్టున్నాయి. ఆ కాపీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది, అడక్కపోయినా చూపిస్తాను. ఆ పంటకి మోటార్లు ఆగలేదు. కన్నబాబు మడి దక్కింది. ఢిల్లీ నా మాట విన్నదని ఊరంతా చెప్పుకున్నాను.

నేను నేర్చుకున్నదిది. ఆంక్షలు పెట్టడం తప్పు కాదు. ఎదుటివాడికి ఎంత తగులుతుందో చూసే ముందు మనకెక్కడ తగులుతుందో విప్పి చూసుకోవాలి, గడువు పెట్టుకుని కొట్టాలి.

మిగతావన్నీ సాగదీసినవి, పూర్తిగా కల్పించింది ఒక్కటే. "విప్పండి" అని నేననలేదు. మిషను ఆలస్యమైందని గదమాయించడానికి వెళ్లి, పనిలో పనిగా నా రెండు పేజీలూ గొంతెత్తి చదివి వినిపిస్తుంటే, ఆవిడే స్క్రూడ్రైవరు అందుకున్నారు.