పిన్ని చెవిలో సున్నపు పలుకులు

మా పిన్ని చెవులు చేస్తుంది. చెవులకు పెట్టుకునేవి కాదు, చెవులే. బళ్లలో సైన్సు గది బీరువాలో దుమ్ము పట్టి ఉంటాయి చూడండి, ఆ బొమ్మలు. మూత తీస్తే లోపల కర్ణభేరి, దాని వెనక సుత్తి, దాగలి, రికాబు ఆకారాల్లో మూడు బుల్లి ఎముకలు, ఆ పక్కన నత్తగుల్ల, దాన్ని అంటుకుని మూడు వంపు గొట్టాలు. ఇరవై రెండేళ్లుగా వాటికి రంగులేస్తోంది. కళ్లూ ముక్కులూ నాలుకలూ కూడా చేస్తుంది గానీ వాటిని లెక్కలోకి తీసుకోదు. "కన్నుదేముందిరా, సగం బయటే కనిపిస్తుంది. చెవి గడుసుది. అసలు సరుకంతా లోపలే దాచుకుంటుంది" అంటుంది.

నేను కాలేజీ మధ్యలో మానేసి ఆవిడ పనిచేసే షెడ్డులోనే తేలాను. ఎమరీ పేపరుతో ఫైబర్ రుద్దడం నా పని. రోజుకు నలభై ముక్కులు నున్నగా చేస్తాను. క్లాసులో కూర్చోవడం కంటే నయం.

మా షెడ్డుకు ఒక తెగులుంది. బొమ్మ మొహం ఎప్పుడూ మా వైపే చూస్తుంటుంది కాబట్టి దాని కుడి చెవి మా ఎడమ చేతి వైపు వస్తుంది. పొద్దస్తమానం దాన్నే కుడి, కుడి అంటూ ఉంటే చివరికి మాకు ఎడమే కుడి అయిపోయింది. బయటివాళ్లకు దారి చెప్పే పని మాకెవరూ అప్పగించరు. ఒకసారి లారీ డ్రైవరుకు కుడికి తిప్పమని చెప్పి మా గోడ మేమే పడగొట్టించుకున్నాం.

ఈ ఏడు ఒక పిల్లల సైన్సు భవనం వాళ్లు పెద్ద చెవి కావాలన్నారు. పిల్లలు రంధ్రంలో దూరి కర్ణభేరి దాకా నడిచి వెళ్లేంత పెద్దది. ఇన్నాళ్లూ అరచేతిలో చెవులు చేసిన పిన్నికి కాళ్లు నేలమీద ఆనలేదు. నత్తగుల్ల పూర్తయింది. పైన మూడు గొట్టాలు మిగిలాయి. బుధవారం నిచ్చెనెక్కి, కుంచె పట్టుకుని తల పైకెత్తింది.

"ఒరేయ్, ఈ షెడ్డు తిప్పుతున్నదెవర్రా?" అంది.

నిచ్చెనను కావలించుకున్న మనిషిని ఎలాగో దింపాం. మా యజమాని పరుగెత్తుకొచ్చాడు. మొట్టమొదట అమ్మిన బొమ్మ ముక్కు కాబట్టి ఆయన్ని ముక్కాయన అంటాం, ఆయన లేనప్పుడు.

"నువ్వింక ఎక్కొద్దమ్మా. సోమవారం పొద్దున్నే లారీ వస్తుంది. ఆ గొట్టాలకు స్ప్రే అతన్ని పిలుస్తాను."

"గేట్లకు కొట్టే అతనా?"

"అతనే. పిల్లలకేం తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందండీ. ఆదివారం సాయంత్రం దాకా దానిమీద ఎవరి చెయ్యీ పడకూడదు."

ఆయన గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు.

గురువారం బాబాయి ఆవిణ్ని చెవి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాడు. తిరిగొచ్చి పిన్ని మంచమెక్కి గొప్పలు మొదలుపెట్టింది. "ఆ డాక్టరమ్మ చెవి బొమ్మ ముందు పెట్టుకుని నాకు పాఠం చెప్పిందిరా. ఆ బొమ్మ నేను చేసిందే."

పాఠం ఏమిటంటే, చెవి లోపల ఒక చిన్న సంచిలో కంటికి ఆనని సున్నపు పలుకులుంటాయట. అవి తమ చోట ఉన్నంతసేపూ తల ఎటు వంగిందో మెదడుకు కబురు పంపుతాయి. దారి తప్పి గొట్టంలో పడితే మాత్రం తల కదిలినప్పుడల్లా అందులోని నీటిని కలియబెడతాయి. మెదడు వెర్రిది, మనిషే గిరగిరా తిరుగుతోందనుకుంటుంది. తలను ఒక వరసలో తిప్పితే పలుకులు దొర్లుకుంటూ వెనక్కి పోతాయి. ఒకసారి డాక్టరే తిప్పింది. రోజూ ఇంట్లో కూడా చేయమని కాగితం రాసిచ్చింది. దానిమీద "కుడి చెవి" అని ఉంది.

"ఇన్నేళ్లు రంగులేశాను, లోపల సున్నముందని ఒక్కరూ చెప్పలేదు" అని పిన్ని బాధ.

శుక్రవారం మంచం చివర పిన్ని తల వేలాడేసింది. వెనక నిలబడి నేను పట్టుకున్నాను. బాబాయి గడియారం చూస్తూ పరుగుపందెం పెట్టినట్టు సెకన్లు అరిచాడు.

"కుడికి తిప్పరా."

"తిప్పాను కదే."

"ఆఁ, అదే కుడి."

మంచం దిగి, గోడ పట్టుకుని నడిచింది. శనివారం పొద్దున అంతకంటే ఘోరం, గోడ బదులు బాబాయిని పట్టుకుంది. ఇంక లాభం లేదని డాక్టరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"ఏ వైపు తిప్పుతున్నారు?"

"కుడి వైపే మేడమ్" అన్నాను.

"ఆవిడ కుంచె పట్టే చేతి వైపేనా?"

పిన్ని కుంచె పట్టే చెయ్యి పైకెత్తి చూసుకుంది. నేనూ చూశాను. బాబాయి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"రెండు రోజులుగా ఆ పలుకుల్ని ఊరి బయటకు తోలుతున్నార్రా మీరిద్దరూ" అన్నాడు.

పిన్నికి నవ్వాగలేదు. నవ్వితే తల ఊగింది, ఊగితే తిరిగింది, తిరుగుతుంటే ఇంకా నవ్వింది. ఫోన్లో డాక్టరు కూడా నవ్వుతోంది. ఆ నవ్వుల్లోనే మళ్లీ పడుకోబెట్టి, ఈసారి కుంచె చేతి వైపు తిప్పాను. పిన్ని కనుగుడ్లు గడగడా కొట్టుకున్నాయి. "కళ్లు కొట్టుకుంటున్నాయి మేడమ్!" అని అరిచాను. "అదే, అదే, తల వదలొద్దు" అంది డాక్టరు. కాసేపటికి కళ్లు నిలిచాయి. సాయంత్రం ఆవిడ చెప్పినట్టే ఇంకోసారి చేశాం.

ఆదివారం పిన్ని లేచి కూర్చుంది. ఫ్యాను వంక చూసింది. నేల వంక చూసింది. మళ్లీ ఫ్యాను.

"ఇల్లు ఆగిందిరా. పద."

డాక్టరు సరేనన్నాకే నిచ్చెన ఎక్కనిచ్చాం. ఒక పక్క నేను, ఒక పక్క బాబాయి పట్టుకున్నాం. లేత గులాబీ నుంచి దంతపు రంగులోకి, ఎక్కడ మారిందో తెలియకుండా మొదటి గొట్టం వచ్చింది. మధ్యాహ్నానికి రెండోది. నాలుగింటికి ముక్కాయన స్ప్రే అతన్ని వెంటబెట్టుకుని దిగాడు. అప్పటికి మూడోది సగం అయింది. స్ప్రే అతను తలెత్తి చాలాసేపు చూసి మిషన్ కింద పెట్టేశాడు.

"నా వల్ల కాదు సార్. నేను గేట్లవాణ్ని."

ఐదింటికి మూడోదీ పూర్తి చేసి పిన్ని దిగింది. ముక్కాయన నమ్మలేక తనే నిచ్చెనెక్కాడు. పైన కాలు తడబడి, ఆసరాకు మూడో గొట్టం మీద అరచెయ్యి ఆనించాడు. తడి రంగులో ఐదు వేళ్లూ అచ్చు దిగాయి.

ముక్కాయన రంగంటిన అరచెయ్యి చూసుకున్నాడు.

"దిగండి" అంది పిన్ని. "మీకు తిరుగుతున్నట్టుంది."

ఆయన దిగాడో లేదో, చీర కొంగు బిగించి, నిచ్చెన పట్టుకోమని కూడా మాకు చెప్పకుండా, చకచకా పైకి వెళ్లిపోయింది.