దుమ్మని తీసేసిన ముక్క

మా ఆఫీసులో దుమ్ము అంటే బల్లల మీద పేరుకునేది కాదు. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పై అంతస్తులో ఉంటుంది మా కంపెనీ. స్కానింగ్ సెంటర్లలో తీసిన సీటీ స్కాన్‌ను ఫోన్ బ్రౌజర్‌లో బొమ్మగా చూపించడం మా పని. స్కాన్ అంటే లక్షల చిన్న ఘనాల కుప్ప. అందులో ఎముకంత గట్టిగా ఉన్నవాటిని ఏరి, వాటి పైభాగాన్ని త్రిభుజాల వలగా అల్లి, దాని మీద ఎముక రంగు తొడుగుతాం. వేలితో తిప్పితే బొమ్మ తిరుగుతుంది. అల్లేటప్పుడు కొన్ని చిన్న ముక్కలు విడిగా తేలుతూ కనిపిస్తాయి. చాలావరకు అవి స్కాన్‌లో పడ్డ మరకలే. వాటినే దుమ్ము అంటాం.

"కస్టమర్ ముందు ఆ చెత్తేంటయ్యా? నీటుగా ఉండాలి," అన్నారు మా సారు. ఒక కొలత పెట్టి, అంతకంటే చిన్న ముక్కలన్నీ మాయమయ్యేలా రాశాను. నేనే రాశాను, ఇంకెవరో కాదు. బొమ్మ తళతళలాడింది, ఫోన్లో చకచకా తెరుచుకుంది. సారు బిర్యానీ తెప్పిస్తే రెండుసార్లు వడ్డించుకున్నాను.

మా అక్క వన్ టౌన్‌లో బ్లౌజులు కుడుతుంది. బండి మీంచి పడి కుడి మణికట్టు వాస్తే, మా బొమ్మ వాడే సెంటర్‌కే తీసుకెళ్ళాను. నా గొప్ప చూపించుకోవద్దూ మరి. "ఇది మా తమ్ముడు చేసిందేనండీ," అని అక్క డాక్టరుగారికి కూడా చెప్పింది. బయట జనం కిటకిటలాడుతున్నారు. ఆయన పొరలు పొరలుగా ఉండే అసలు స్కాన్ తెరవనే లేదు. మా బొమ్మను అటూ ఇటూ తిప్పి, "ఎముకకేం కాలేదమ్మా, బెణికిందంతే. కట్టు కట్టుకోండి, తగ్గిపోద్ది," అన్నారు.

క్రిస్మస్ బ్లౌజుల సీజన్. అక్క నొప్పితోనే కత్తెర పట్టింది. ఒకరోజు గుడ్డ కత్తిరిస్తూ ఉండగా బొటనవేలు వంగడం మానేసింది. ఇంకో డాక్టరు అదే స్కాన్ పొరలు తెరిచి, విడిగా పడి ఉన్న గోరంత ఎముక ముక్కను చూపించారు. అది ఒరుసుకుని ఒరుసుకుని వేలిని వంచే తాడులాంటి నరాన్ని తెంపేసిందట. ఆఫీసుకెళ్ళి నా కంప్యూటర్‌లో మాత్రం ఆ కొలత తీసేసి అక్క స్కాన్ చూశాను. బొమ్మలో ముక్క స్పష్టంగా కనిపించింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

సారుకు చెప్పాను. "అసలు స్కాన్ చూసుకోవాల్సింది డాక్టరు. మనకేంటి సంబంధం? అది తీస్తే మళ్ళీ చెత్త కనపడుద్ది. నోరు మూసుకుని పని చూసుకో," అన్నారు. మూసుకున్నాను. నెల తిరిగేసరికి జీతం కావాలి నాకు.

ఆపరేషన్ చేయించినా అక్క వేలు సగమే వంగుతోంది. చేతిలో కత్తెర నిలవడం లేదు. వచ్చిన గుడ్డలను పక్క షాపుకు పంపించేస్తోంది. ఉండబట్టలేక జరిగిందంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. పక్క షాపుకు పంపాల్సిన గుడ్డలు ఎడమ చేత్తో సంచిలో సర్దింది.

"నువ్వేమన్నా కావాలని చేశావేంట్రా," అంది. తర్వాత, "మిగతావాళ్ళకైనా కనపడేలా మార్చావు కదా?" అని అడిగింది.

మార్చానక్కా అన్నాను. మార్చలేదు.