గోడ కింద హోస్టా

పరాయి దేశంలో, టాలట్ అనే ఊళ్లో, అప్పట్లో మా పక్కింటావిడ గుంటూరు నుంచి వచ్చిన డాక్టరు. ఎండ తగలని పెరటి గోడ కింద ఆవిడ హోస్టా మొక్క పెంచేవారు. ఒక్కో ఆకూ విస్తరాకంత. పొద్దున్నే ఆ ఆకుల్ని అరచేతి వెనకవైపుతో, పసిపిల్లలకి జ్వరం చూసినట్టు తాకేవారు.

అక్టోబరులో ఆవిడకి పెద్ద ఆపరేషనైంది. కోలుకునేదాకా కార్క్ అనే ఊళ్లో కూతురింట్లో ఉంటానంటూ, "మొక్కని చూస్కోవే," అని గేటు తాళం నా చేతిలో పెట్టారు.

నెల తిరక్కుండానే ఆకులు పసుపెక్కి, కుళ్లి, నేలకి అంటుకుపోయాయి. నీళ్లు పోశాను, ఎరువు వేశాను. చివరికి మట్టే మిగిలింది. ఫోన్లో ఆవిడ మొక్క మాట ఎత్తేలోపే నేను మందుల గురించి అడిగేదాన్ని.

మార్చిలో ఆవిడ తిరిగొచ్చారు, సగమై. గేటు దగ్గరే చెప్పేశాను.

"ఆంటీ, మొక్కని చంపేశాను."

ఆవిడ గోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, వేలితో మట్టి పక్కకి జరిపారు. ఊదారంగు మొలకలు ఐదారు కనిపించాయి.

"చావడమేంటే పిచ్చిదానా! ఏటా చలికి ఇట్టాగే పడుకుంటది. నీకు చెప్పడం మర్చిపోయా."

నాకు ఏడుపొచ్చేసింది.

"ఇంకోటీ చెప్పలా. నా రిపోర్టులన్నీ గ్రాండ్! ఇంకేం లేదంట."

ఏడుపు ఇంకా ఎక్కువైంది.

"తర్వాత ఏడుద్దువుగాని," అన్నారావిడ చెయ్యి చాపి. "ముందు నన్ను లేపు."