తొమ్మిదో నంబరులో రావలసిన చానెల్

పోయినవాళ్లు తిరిగొస్తారని ఎవరైనా కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

2007 ప్రాంతంలో ఏలూరులో ఒక అద్దె వాటాలో ఉండేవాళ్లం, నేనూ నా భార్య సుభద్రా. పిల్లల్లేరు. నాకు కంప్యూటర్ పిచ్చి. టీవీ ట్యూనర్ కార్డు కొని కంప్యూటర్‌లో బిగించి, కేబుల్ వైరు దానికిచ్చి, అక్కణ్ణుంచి హాల్లో టీవీకి లాగాను. ఏ నంబరులో ఏ చానెల్ రావాలో, ఏది రికార్డు కావాలో అంతా నా ఇష్టం. క్రికెట్టూ ఇంగ్లీషు సినిమాలూ ముందు పెట్టుకున్నాను.

సుభద్ర చూసేది ఒక్కటే. మధ్యాహ్నం రెండింటికి తొమ్మిదో నంబరులో లోకల్ చానెల్, అరగంట పాటలు. పాటల కోసం కాదు. తెర కింది అంచున పుట్టినరోజు శుభాకాంక్షలు ఊళ్ల పేర్లతో సహా నడుస్తుండేవి. మండవల్లి వాళ్ల పేర్లు ఏమైనా వస్తాయేమోనని చూసేది. అది తన పుట్టిల్లు. పెళ్లయిన రెండో ఏడు వాళ్లతో చిన్న మాటకి తగువు పెట్టుకుని రాకపోకలు మాన్పించింది నేనే.

బొమ్మ సరిగా రావట్లేదని ఒకరోజు ఆ చానెల్ తీసేశాను. తొమ్మిదిలోకి కుక్కర్లు అమ్మే చానెల్ వచ్చి పడింది.

"ఏవండీ, నా తొమ్మిది ఏమైందండీ?"

"ఆదివారం చూస్తాలే."

"ఏ ఆదివారమండీ?" అని తర్వాతి వారం అడిగింది. మూడోసారి తనే నవ్వేసింది. "పోన్లెండి. ఆ కుక్కర్లబ్బాయితో బాగా పరిచయమైపోయింది. ఇంకో వారం పోతే భోజనానికి పిలుస్తాను."

నేనూ నవ్వాను. చానెల్ మాత్రం పెట్టలేదు. రెండయ్యేసరికి తను ఆ కుక్కర్ల ముందే కూర్చునేది.

ఆ వర్షాకాలం జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయింది.

కర్మలు మండవల్లిలో చేద్దామన్నారు తన వాళ్లు. కరెంటు మెయిన్ ఆపి, తాళం వేసి వెళ్లాను. తాళంచెవి నా జేబులోనే ఉంది. పన్నెండో రోజు తిరిగొచ్చి కంప్యూటర్ వేస్తే రికార్డింగుల్లో పదకొండు కొత్త ఫైళ్లున్నాయి. అన్నీ ఆ లోకల్ చానెల్ పాటలే, మధ్యాహ్నం రెండింటివి, అరగంటేసి. చానెళ్ల జాబితాలో చూస్తే ఆ చానెల్ అప్పటికీ లేదు. సుభద్ర ఏనాడూ మౌస్ ముట్టుకోలేదు.

గడియారం పాడై పాతవేవో కొత్త తేదీలతో కనిపిస్తున్నాయనుకున్నాను. ఆరోదాంట్లో మా ఓనరు గారి మనవరాలి పేరు వచ్చింది, మొదటి పుట్టినరోజని. పైవాటాలోంచి ఓనరు గారి భార్యని పిలిచి చూపించాను.

"ఇది పోయిన వారం మేం వేయించిందేనండీ. మీరు ఊళ్లో లేరు కదా." ఆవిడ మళ్లీ టీవీ వంక చూశారు. "మెయిన్ ఆపి వెళ్లారో లేదోనని మా ఆయన రోజూ మీ మీటరు చూసేవారండీ, ఒక్కరోజూ తిరగలేదు."

అంటూనే మెట్లెక్కి వెళ్లిపోయారు.

పదకొండూ చూశాను. మండవల్లి పేర్లు నాలుగు వచ్చాయి. కాగితం మీద రాసుకున్నాను. నాకు వాళ్లెవరో తెలీదు. తనైతే ఎవరి పిల్లలో, ఏ వీధో చెప్పేది.

కంప్యూటర్లు తెలిసిన ఇద్దరు ముగ్గురిని అడిగాను. వైరస్ అన్నారొకరు. నేనే మతిమరుపులో ఏదో నొక్కి ఉంటానన్నారొకరు. కరెంటే లేని ఇంటికి ఆ రెండూ సరిపోవు.

ఆ చానెల్‌ని తొమ్మిదిలో తిరిగి పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. ఆ వేళే పెట్టి చూసుకున్నాను, రెండు నిమిషాలే పట్టింది. ఆపేసిన ఇంట్లో అవి ఎలా రికార్డయ్యాయో నేను చెప్పలేను. తను బతికుండగా మూడుసార్లు అడిగితే ఆ రెండు నిమిషాలు ఎందుకివ్వలేదో, అదీ చెప్పలేను.